లేసు గుడ్డ కప్పిన కంప్యూటర్

ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే, "దాని వోల్టేజీ ఎంత, కరెంటు ఎక్కణ్ణుంచి లాగుతుంది?" అని అడిగేవాణ్ణి నేను. నర్సీపట్నంలో నా దుకాణానికి వచ్చిపోయే వాళ్ళందరికీ నా సంగతి తెలుసు. శ్మశానం పక్క సందులోంచి ఒంటరిగా నడిచి రమ్మని పందెం కాస్తే, నడిచొచ్చి కాసినవాడి చేతే బజ్జీలు కొనిపించుకున్న బాపతు. ఇప్పటికీ దెయ్యాల్ని నమ్మను. నేను చెప్పబోయే దాంట్లో దెయ్యం లేదు, చచ్చిపోయినవాళ్ళూ లేరు. నా ఇబ్బందల్లా అదే. దెయ్యమైతే, లేదు పొమ్మని కొట్టిపారేసి హాయిగా ఉండేవాణ్ణి.

ఇళ్ళల్లోకి అప్పుడప్పుడే సీడీ ప్లేయర్లు వస్తున్న రోజులవి. బస్టాండుకి దగ్గర్లో నాకో చిన్న గది ఉండేది, పైన సిమెంటు రేకులు. అందులో ఒక కంప్యూటర్. పెళ్ళి వీడియోలు దాంట్లోకి ఎక్కించి, అక్కర్లేనివి కత్తిరించి, పాటలూ పేర్లూ వేసి సీడీలు చేసి ఇచ్చేవాణ్ణి. అసలు బాధంతా ఆఖర్న ఉండేది. కూర్చిన వీడియోని సీడీలో పట్టేలా కుదించమని కంప్యూటర్‌కి అప్పగిస్తే, అది తెర మీద ఒక నీలం గీతని నత్తనడక నడిపిస్తూ పగలూ రాత్రీ కూర్చునేది. మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిందంటే మళ్ళీ మొదటికి.

ఆ నీలం గీతని చూస్తూ కూర్చోవడం నాకు ఒళ్ళుమంటగా ఉండేది. విశాఖపట్నంలో కంప్యూటర్లు బిగించే స్నేహితుడొకడు ఒకసారి ఓ రహస్యం చెప్పాడు. ప్రాసెసర్ మీద రాసి ఉండే వేగం దాన్ని తయారుచేసినవాడు ఇచ్చే హామీ మాత్రమేనట. చాలా ప్రాసెసర్లు దాన్ని మించి పరుగెత్తగలవు, మనమే పరుగెత్తించాలి. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని చెప్పాడు. నా ప్రాసెసర్ మీద రాసింది మూడొందల అరవై ఆరు మెగాహెర్ట్జ్. అదే రకం తన దగ్గర ఐదొందల యాభైలో నడుస్తోందని వాడు అన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

కానీ నా అన్నం ఆ ఒక్క కంప్యూటర్ మీదే కదా. కాల్చుకుంటే గతి లేదు. కోరిక అలా లోపలే ఉండిపోయింది, ప్రకాశం గారు వచ్చేదాకా.

ప్రకాశం గారిది నా గది పక్కనే టైలరింగ్ షాపు. తాతల నాటి నుంచి మిషన్ చర్చి కుటుంబం. ఆ మే నెలలో ఆయన కూతురి పెళ్ళి అయింది, వీడియో పని నాకే ఇచ్చారు. పెళ్ళికి ఆయన తల్లి మార్తమ్మ గారు రాలేకపోయారు. ఆవిడ కృష్ణదేవిపేటలో కూతురు ఎస్తేరు దగ్గర ఉండేవారు. గుండె జబ్బు ముదిరి మంచం దిగడం లేదు. విశాఖపట్నం తీసుకొస్తే ఆపరేషన్ చేస్తాం, ఆలస్యం చేస్తే మా చేతుల్లో లేదు అన్నారు డాక్టర్లు. ప్రకాశం గారు కారు కూడా మాట్లాడారు.

ఒక మధ్యాహ్నం ప్రకాశం గారు మెడలో టేపుతోనే వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"మా అమ్మ కారెక్కనంటందండి. మనవరాలి పెళ్ళి సూసేకే ఎల్తాను, సూడకుండా నన్ను కదపొద్దు అంటంది. ఎల్లుండి తెల్లారే కారు. రేపు సాయంత్రానికి సీడీ అవుద్దేటండి?"

అవదు. వీడియో కూర్చడమే మర్నాడు పొద్దుటికి గానీ పూర్తికాదు. ఆ తర్వాత కుదించడానికి అర్ధరాత్రి దాకా పడుతుంది. పోనీ అసలు క్యాసెట్ చూపిద్దామంటే, కెమెరా ఆయన దాన్ని పట్టుకుని యలమంచిలిలో ఇంకో పెళ్ళికి వెళ్ళిపోయాడు. కంప్యూటర్నే మోసుకెళ్దామంటే, ఆ రోడ్డు గతుకుల్లో ఏ గోతి దగ్గర హార్డ్ డిస్క్ ప్రాణం వదిలినా అసలుకే మోసం. పెళ్ళంతా ఉన్నది దాంట్లోనే.

"అవుతుంది, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను. ఆయన మీద జాలితో అన్నానా, ఐదొందల యాభై మీద మోజుతో అన్నానా అంటే, రెండూ. నిజం చెప్పాలంటే లోపల గంతులేస్తున్నాను.

ఇలాంటి పనికి ఒక పద్ధతి ఉంది. ఎడ్ల మీద బరువు పెంచినట్టే, కొంచెం పెంచి, నడిపించి, మళ్ళీ కొంచెం. ముందు పెళ్ళి ఉన్న హార్డ్ డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టాను. ప్రయోగాలకి పాత చిన్న డిస్క్ ఒకటి తగిలించాను. ప్రాసెసర్ నెత్తిన హీట్ సింక్ అని అల్యూమినియం ముక్క ఉంటుంది, దానికి దువ్వెన పళ్ళలా వరసగా రేకులు. లోపలి వేడిని అది పైకి లాగితే, దాని మీది ఫ్యాన్ ఊది బయటికి తోస్తుంది. ఆ ముక్కని శుభ్రంగా తుడిచి, అడుగున తెల్లని పేస్టు పల్చగా రాసి, పెద్ద ఫ్యాన్ బిగించాను. గాలి ఆడటానికి క్యాబినెట్ పక్క రేకు తీసేశాను.

ప్రాసెసర్ కూర్చునే మదర్‌బోర్డుకి ఇచ్చే వేగం మామూలుగా అరవై ఆరు, ప్రాసెసర్ దానికి అయిదున్నర రెట్లు పరుగెత్తుతుంది. డెబ్బై అయిదు చేస్తే నడిచింది. తర్వాతి మెట్టు ఎనభై మూడు, అక్కడ మాత్రం ఆగకూడదు. ఆ వేగంలో ప్రాసెసర్‌కి ఏమీ కాదు గానీ హార్డ్ డిస్క్ తడబడి ఫైళ్ళు పాడుచేస్తుంది. నూరుకి వెళ్తే అది మళ్ళీ కుదుటపడుతుంది. అంటే మధ్య మెట్టు వదిలేసి దూకాలి. దూకాను. తెర నల్లగా ఉండిపోయింది. కూరలో చివర వేసే ఉప్పంత వోల్టేజీ పెంచి, మళ్ళీ మీట నొక్కాను.

తెర మీద ఐదొందల యాభై అని పడింది.

నేను వేసిన కేకకి ప్రకాశం గారు కత్తెరతో సహా పరిగెత్తుకొచ్చారు. అప్పటికి నాకు పెళ్ళై ఒక పాప, అయినా అంత సంతోషం మళ్ళీ ఎప్పుడు కలిగిందో ఆలోచించుకోవాలి. కాసేపు ఒక పాత వీడియోని కుదించి చూశాను. నీలం గీత జానెడు జానెడు జరుగుతోంది. హీట్ సింక్ మీద వేలు పెడితే గోరువెచ్చగా ఉంది, తియ్యకుండా వేలు ఉంచగలిగాను. అదే మా థర్మామీటరు.

ఫ్యాన్ మీద ఎంత భారం ఉందో తెలుసుకుందామని దాని వైరు పీకి కూడా ఆన్ చేశాను. విండోస్ తెర రాకముందే బిగుసుకుపోయింది. ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. వెంటనే ఆపేసి, చల్లారాక వైరు మళ్ళీ పెట్టేశాను.

"ఏటవుతాదండి దానికి?" అన్నారు ప్రకాశం గారు.

"వేగం పెంచితే ఒళ్ళు కాగిపోతుందండీ. వేడెక్కకుండా చూసుకుంటే చాలు, మిగతాది అదే చేసుకుపోతుంది" అన్నాను. రోగి గురించి విన్నంత శ్రద్ధగా విన్నారు. ఆ సాయంత్రమే తల్లిని చూడ్డానికి కృష్ణదేవిపేట వెళ్ళి, పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేశారు.

పెళ్ళి డిస్క్ మళ్ళీ తగిలించి రాత్రంతా కూర్చుని, మర్నాడు పొద్దుట వీడియో కూర్చడం ముగించి, కుదించే పని మొదలుపెట్టి, నీలం గీత కదలడం చూశాను. పొద్దు వాలేసరికి అయిపోతుందని తెలిసిపోయింది. అప్పుడు బయటపడింది ఇంకో తంటా. నా సీడీ రైటర్ తలుపు తెరుచుకోవడం మానేసింది. నక్కపల్లిలో తెలిసినాయన దగ్గర ఒకటుంది, బండి మీద వెళ్ళి తేవాలి. ప్రకాశం గారిని కుర్చీలో కూర్చోబెట్టి, కీబోర్డు ముట్టుకోవద్దు, మౌస్ ముట్టుకోవద్దు, ఎవర్నీ లోపలికి రానివ్వద్దు అని అప్పగింతలు పెట్టి బయల్దేరాను.

నక్కపల్లి వెళ్తే ఆయన లేడు. ఉపమాక గుళ్ళో ఏదో పెళ్ళికి వెళ్ళాడట. వచ్చేదాకా కూర్చుని, రైటర్ తీసుకుని తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. గదిలో అడుగుపెడితే రేకుల వేడి మొహాన కొట్టింది. ప్రకాశం గారు కదలకుండా అలాగే ఉన్నారు. తెర మీద నీలం గీత చివరికి వచ్చేసింది. అంతా బాగానే ఉంది, కానీ గది మరీ నిశ్శబ్దంగా ఉంది.

తల తిప్పి క్యాబినెట్ వైపు చూశాను. దాని నిండా తెల్లని లేసు గుడ్డ కప్పి ఉంది, అంచుల్న పొడుగు కుచ్చులతో.

మా వైపు ఏ ఇంటికి వెళ్ళినా చూడొచ్చు. టీవీకి గుడ్డ, రేడియోకి గుడ్డ, కుట్టు మిషన్‌కి గుడ్డ. విలువైన వస్తువుని బోసిగా ఉంచడం అమర్యాద. చర్చి కుటుంబాల్లో ఆడవాళ్ళకి లేసు అల్లిక బాగా వచ్చు, అలాంటి గుడ్డ ఇచ్చారంటే మనని గౌరవించినట్టే.

"దుమ్ము పడిపోతందని కప్పేనండి. లోపలంతా బయటికి కనపడిపోతంది. మా అమ్మ అల్లిందే, మీకిద్దామని తెచ్చేను" అన్నారు ప్రకాశం గారు.

గుడ్డ ఎత్తాను. కుచ్చు దారాలు రెండు మూడు ఫ్యాన్‌లోకి పోయి, ఇరుసు చుట్టూ మందంగా చుట్టుకుని ఉన్నాయి. ఫ్యాన్ ఆగిపోయి ఉంది. నా గుండె కూడా దాదాపు అంతే. కంప్యూటర్ ఆపితే పగలంతా చేసిన పని గంగపాలు, ఆపకపోతే ప్రాసెసర్ బూడిద. ఏదైతే అదయిందని హీట్ సింక్ మీద వేలు పెట్టాను.

చల్లగా ఉంది.

గోరువెచ్చన కూడా కాదు. కుండలో నీళ్ళలో వేలు పెట్టినట్టుంది. గదిలో కుర్చీ చెయ్యి వేడిగా ఉంది, బల్ల వేడిగా ఉంది, మంచినీళ్ళ సీసా వేడిగా ఉంది, అది ఒక్కటీ చల్లగా ఉంది. కంప్యూటర్ బిగుసుకుపోయిందేమో, అందుకే చల్లారిందేమో అనుకుని తెర చూస్తే గీత జరుగుతూనే ఉంది. ప్రకాశం గారిచేత కూడా ముట్టించాను. "సల్లగానే ఉందండి" అన్నారు, చల్లగా ఉండక మరెలా ఉంటుందన్నట్టు.

దారం ఇప్పుడే చుట్టుకుని ఉంటుంది, నేను రావడమూ అది ఆగడమూ ఒక్కసారే జరిగి ఉంటాయి అని సర్దిచెప్పుకోబోయాను. అయినా అడిగాను, ఆ ఫ్యాన్ హోరు ఎప్పుడు ఆగిందని.

"మీరటెల్లిన కాసేపటికేనండి. మిషన్ కుదురుకుందనుకున్నాను" అన్నారు.

 ఆలోచించడానికి తీరిక లేదు. కుదించడం పూర్తయింది. దారాలు కోసేసి, ఫ్యాన్ తిరిగేలా చేసి, తెచ్చిన రైటర్ తగిలించి సీడీ రాయించాను. ప్రకాశం గారిని బండి వెనకాల కూర్చోబెట్టుకుని కృష్ణదేవిపేట దారి పట్టాను. ఆ రోడ్డు మీద షేర్ ఆటోల్ని దాటుకుంటూ ఎలా నడిపానో నాకే తెలియదు. ఫ్యాన్ లేకుండా ఐదొందల యాభై. నేను ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరని నవ్వొస్తోంది, చెప్పకుండా ఉండలేనని తెలుస్తోంది.

ఇంట్లో మార్తమ్మ గారు మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారు. సన్నటి మనిషి. నేను ఆవిణ్ణి చూడటం అదే మొదలు. కుడి చెయ్యి మంచం పక్కన స్టూలు మీది గిన్నెలో, నీళ్ళలో ముంచి ఉంచుకున్నారు. చేతికి ఏమైందని ప్రకాశం గారు కంగారుగా అడిగితే, ఆయన చెల్లెలు ఎస్తేరు చెప్పింది.

"పొద్దుట నుంచీ అరసెయ్యి మండిపోతందంటందన్నియ్యా. నీళ్ళు మారుస్తున్నాను, మార్సిన కాసేపటికే గోరెచ్చనయిపోతన్నాయి. ఇప్పుడే ఇంత తగ్గింది."

నేను ఆ గిన్నె వైపే చూశాను. మార్తమ్మ గారు నన్ను చూసి నవ్వారు.

"నువ్వేనా బాబూ ఆ పెట్టె అబ్బాయివి? దానికి ఒళ్ళు కాగిపోద్దని రాత్రి మావోడు సెప్పేడు. మా సంగంలో పిల్లలకి జొరమొస్తే నుదురు మీద సెయ్యేసి ప్రార్థన సేస్తాను. దానికీ అలాగే సేసేను. ఇక్కడే కూకుని, దాని మీద సెయ్యేసినట్టు అనుకుని. సక్కగా నడిసిందా?"

నడిచిందండీ అన్నాను. 

ఆవిడ చెయ్యి నీళ్ళలోంచి తీసి చీరకి తుడుచుకున్నారు. అరచేతి నిండా ఎర్రటి గీతలు. అడ్డదిడ్డంగా లేవు. ఒకదాని పక్కన ఒకటి, సమానమైన ఎడంతో, వరసగా. చాప మీద చెయ్యి ఆనించి పడుకుంటే పడే అచ్చు కావచ్చు. ఆవిడ మంచం మీద చాప కూడా ఉంది, నేను చూశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. కానీ ముందురోజు నేను తుడిచి, పేస్టు రాసి, బిగించిన హీట్ సింక్ రేకుల ఎడం నా కళ్ళకి బాగా అలవాటైపోయి ఉంది.

ఎస్తేరు ఇంటి ప్లేయర్‌లో సీడీ పెట్టాం. మనవరాలు తెల్ల చీరలో చర్చి మెట్లెక్కుతుంటే మార్తమ్మ గారు తెరకి దగ్గరగా జరిపించమన్నారు. "ఆ ముసుగు ఎవరు కుట్టేర్రా?" అని అడిగి, ప్రకాశం గారు నేనే అంటే, "కుట్టు ఒంకరొచ్చింది" అన్నారు. అందరం నవ్వాం. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు ఆవిడ ఆ ఎర్రటి అరచేతిని టీవీ వైపు ఎత్తి పట్టుకున్నారు. పాస్టరు గారి ప్రార్థన అయ్యేదాకా దించలేదు. ప్రకాశం గారు గోడ వైపు తిరిగి ఏడ్చారు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

సీడీ అయిపోయాక, "సూసేను నాయినా. కారు బేగి రమ్మను, ఎల్దాం" అన్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. వానలు మొదలయ్యే వేళకి ఆవిడ పెరట్లో బెండ మొక్కలకి పాదులు చేస్తున్నారని, ఆదివారాలు చర్చికి నడిచి వెళ్తున్నారని ప్రకాశం గారు సంబరంగా చెప్పారు. అరచెయ్యి మంట డాక్టర్లకి చెబితే, షుగరు ఉన్నవాళ్ళకి నరాల వల్ల అలా వస్తుందన్నారట. నా విశాఖపట్నం స్నేహితుడైతే నీ ఫ్యాన్ ఆగి ఉండదు పో అన్నాడు. డాక్టర్లూ వాడూ విషయం తెలిసినవాళ్ళే. రెండు మాటలూ నాకు నచ్చాయి. అయినా వదిలిపెట్టే రకాన్ని కాను కదా. ఒకసారి జరిగింది మళ్ళీ జరుగుతుందో లేదో చూస్తే తేలిపోతుంది, అంతకంటే ఏముంది?

ఒక ఆదివారం పొద్దున్న గదికి వెళ్ళాను. పెళ్ళిళ్ళ పని ఏదీ చేతిలో లేదు, కాలినా నష్టం నాకొక్కడికే. ఫ్యాన్ వైరు పీకేశాను. ఆ లేసు గుడ్డ కూడా తెచ్చి, ఆ రోజు ఎలా ఉందో అలాగే కప్పాను. మీట నొక్కాను. ఐదొందల యాభై అని పడింది. విండోస్ తెర వచ్చింది. బిగుసుకుపోకుండా పూర్తిగా తెరుచుకుంది. ఒక పాత వీడియో తీసి కుదించడానికి ఇచ్చాను.

నీలం గీత కదిలింది. జానెడు జానెడు, హాయిగా.  ఇంక మిగిలింది గుడ్డ కింద నుంచి చెయ్యి పోనిచ్చి ముట్టుకోవడమే. చల్లగా ఉంటే ఒక మాట, వేడిగా ఉంటే ఇంకో మాట, తేలిపోతుంది. చెయ్యి చాపాను కూడా.

అదే క్షణంలో కృష్ణదేవిపేట చర్చిలో గంట కొట్టే వేళయిందని తోచింది. మార్తమ్మ గారు ఈపాటికి పాటల పుస్తకం పట్టుకుని ఉంటారు, కుడి చేత్తో.

పద్ధతి ప్రకారం ఆపలేదు, మీట కూడా నొక్కలేదు. గోడలోంచి ప్లగ్గు పీకేశాను.

హీట్ సింక్‌ని ముట్టుకోలేదు. అది కాలుతోందో చల్లగా ఉందో నాకు తెలియదు. తర్వాత ఆ కంప్యూటర్‌ని ఫ్యాన్ లేకుండా ఎప్పుడూ నడపలేదు. ఆ పొద్దున్న ఆవిడ చెయ్యి మండిందా అని ప్రకాశం గారిని అడగనూ లేదు. ఇన్నేళ్ళయినా నేను ఇలాంటివి నమ్మను. మరి ఆ ప్లగ్గు ఎందుకు పీకావయ్యా అంటే, ఆవిడ చేతిలో పాటల పుస్తకం ఉంటుంది కదా అంటాను.